ఎవరొచ్చారు మా ఇంటికి

ఎవరొచ్చారు మా ఇంటికి. ఊహూఁ, ఇలా కాదు, ఇది పెరట్లో కోళ్ళదొంగను పట్టుకున్నవాడు అడిగినట్టుంది, అనుకుంది పుల్లమ్మ. రోడ్డువారన బాపయ్యగారి కల్లంలో, ఎండబోసిన మిరపకాయల అంచున గోనెపట్టా మీద కూర్చుని ఉంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, ఎర్రకాయను ఎర్రకాయల్లోకి, తెల్లబారిన తాలుకాయను పక్క కుప్పలోకి. కుడిచెయ్యి చకచకా, ఎడమచెయ్యి కాస్త వెనగ్గా, సంతకు పోయే తల్లి వెంట కాళ్ళీడ్చే పిల్లలాగా. మనసు మాత్రం రోడ్డు మీద ఉంది. వినుకొండ బస్సు రావటానికి ఇంకా పొద్దుంది. వస్తే ఇదిగో ఈ కల్లం ఎదురుగానే ఆగుతుంది, కోడలు జయకుమారి దిగుతుంది, చంకలో ఐదు నెలల పసిపిల్ల, పక్కన మూడేళ్ళు దాటిన పెద్దది సువార్త. పుల్లమ్మ ఎదురెళ్ళి పసిదాన్ని చేతుల్లోకి తీసుకుని ఈ మాటే అడగాలి. అది వాళ్ళ ఇళ్ళల్లో ఆనవాయితీ. పుట్టింటి నుంచి బిడ్డతో తిరిగొచ్చిన కోడలికి అత్త ఎదురెళ్ళి, పిల్లను అందుకుని, ఎవరొచ్చారు మా ఇంటికి అని రాగం తీస్తుంది. పిల్ల బదులు తల్లి, నేనొచ్చా నాయనమ్మా అంటుంది. అంతే, ఆ పైన ఇంట్లోకి నడుస్తారు. కాకపోతే అడిగేది అత్తే అయ్యుండాలి, ఇంకొకరు అడిగితే చెల్లదు. బైబిల్లో ఎక్కడా లేదని పాస్టరుగారే అన్నారు, ఆయన పెళ్ళాం బిడ్డతో వచ్చిన రోజున వాళ్ళమ్మ చర్చి గేటు దగ్గరే నిలబెట్టి అడిగితే మాత్రం నోరు మెదపలేదు.

ఎవరొచ్చారు. ఎవరు, దగ్గర కాస్త ఎత్తాలి. లోపల ఎంత బాగా లేస్తుందో ఆ మాట, ఎవరూ... అని, గాలిపటం దారం వదిలినట్టు, ఆ చివర ఒక్క క్షణం ఆగి, వచ్చారూ అని పక్కకు వాలి, మా ఇంటికీ అని ఒళ్ళోకి జారి పడుతుంది. లోపల అన్నీ ఉన్నాయి. పెద్దది సువార్తను ఇలాగే తీసుకొచ్చిన రోజున పుల్లమ్మ అడిగితే వీధి వీధంతా బయటికొచ్చింది, అరుగుల మీద పడుకున్న ముసలాళ్ళు లేచి కూర్చున్నారు, ఎవరో తననే పిలిచారనుకుని రెండిళ్ళ అవతలి గేదె కూడా అరిచింది. ఆ నెలలోనే చేలో మిరపకాయలు కోస్తూ ఉండగా ఒడిలోంచి కాయలు జారిపోవటం మొదలెట్టాయి, ఎందుకు జారుతున్నాయా అని చూస్తే ఎడమచెయ్యి ఒడిని వదిలేసి ఊరికే వేలాడుతోంది, ఎవరి చెయ్యో తన భుజానికి తగిలించినట్టు. పక్షవాతమని గుంటూరు పెద్దాసుపత్రిలో పడుకోబెట్టారు. చెయ్యి కొంచెం కొంచెంగా వచ్చింది, కాలు వచ్చింది, మాట కూడా వచ్చింది, ఒక్క మాట తప్పిపోకుండా వచ్చాయి అన్ని మాటలూ. రానిది రాగం. మాటలన్నీ ఇలా కల్లంలో పరిచిన కాయల్లాగా ఒకే మట్టాన పడుంటాయి, ఒకటి లేవదు, ఒకటి కుంగదు. డాక్టరు చిన్నవాడు, మంచివాడు, మాట వచ్చింది గదమ్మా, అదే గొప్ప అన్నాడు. గొప్పే. కాదని ఎవరన్నారు. గొప్పే అని తనూ అంది, ఆయన మొహం చిన్నబోయింది, వెటకారం అనుకున్నాడు పాపం.

ఏమే. ఒక్క ఏమేతో ఎన్ని పనులు చేసుకునేది తను. ముఠాలో పాతికమంది ఆడవాళ్ళు, మిరపతోట ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా సాళ్ళు పట్టుకుని కోస్తుంటే, తను ముందు సాలులో ఉండి ఏమే అంటే వెనకబడిన దానికి తిట్టు. ఏమేఏ అని సాగదీస్తే కొత్తగా పెళ్ళైన పిల్లకు సరసం. ఏఁమే అని ముక్కుతో అంటే ఎవరో దొరకరాని కబురు తెచ్చారని అర్థం, సాళ్ళన్నీ ఒక్కసారి దగ్గరికొచ్చేవి. కడుపుతో ఉన్నదాన్ని నీడకు పొమ్మనటానికో ఏమే, బిడ్డ పోయినదాని పక్కన కూర్చోటానికో ఏమే. మాట ఒకటే, లోపల సరుకు వేరు. ఇప్పుడు ఏ సరుకు వేసినా ఒకే గోతాం. ఏమే అంటే ఏమే, అంతే, నిలువునా. అయినా నష్టమంతా నష్టమేం కాదు, అనుకుని పుల్లమ్మ లోపల నవ్వుకుంది. కూరగాయల బండివాణ్ణి వంకాయలు ఎలా అని అడిగి, అతను ధర చెప్పాక, ఎక్కువ, అని ఒక్క మాట అంటే చాలు, బేరం లేదు ఏమీ లేదు, తగ్గించేస్తాడు. ఈమె ఇంకా ఏం అంటుందోనని భయం. ముఠాలో సరసాలు తగ్గాయి, పని పెరిగింది, బాపయ్యగారికి అదో ఆనందం. కుక్క ఒక్కటే మోసపోలేదు. దానికి మాటలెందుకు, రాగమే కావాలి. రా రా అని ఎంత పిలిచినా చెవి కూడా కదపదు, కూడు తెచ్చి పెడితేనే నమ్ముతుంది. గేదె మేలు, దానికి ఎప్పుడూ చెయ్యే భాష. చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన కూటంలో తన వంతు వచ్చినప్పుడు, తండ్రీ నీకు వందనాలు అంటే ఆ వందనాలు కాస్తా పాఠం ఒప్పజెప్పినట్టుంటాయి, పక్కనున్నవాళ్ళు కళ్ళు తెరిచి చూస్తారు. ఆయనకు తెలుసులే. రాగం ఇచ్చినవాడు ఆయనే, తీసుకున్నదీ ఆయనే, ఎక్కడ పెట్టాడో ఆయనకు తెలియదా.

"అక్కా, ఏంది నీలో నువ్వే గొణుక్కుంటన్నావ్, కాయల్ని భయపెడతన్నావా?" అంది కోటిరత్నం అవతలి కుప్ప దగ్గర నుంచి. దాని గొంతు పేటలో మొదలైతే కొండ మీద వినిపిస్తుంది.

"కోడలొస్తంది."

"తెలుసులే. అడగాలని చూసుకుంటన్నావా? ఏదీ, అను, నేను ఇంటా."

"ఎవరొచ్చారు మా ఇంటికి."

కోటిరత్నం చేతిలో కాయలు కింద పోసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మో! నేనైతే అదే బస్సెక్కి ఎనక్కి పోతా."

"అంత బాలేదా."

"చూడక్కా, నువ్వు అడిగావో తిట్టావో నాకే తెలవట్లా ఇప్పుడు. పోనీ నువ్వు నోరు కదుపు, నీ ఎనక నిలబడి నేనంటా."

పుల్లమ్మ ఆ ఆలోచన కాసేపు చేసింది కూడా, కోటిరత్నం తన వెనక దాక్కుని ఎవరొచ్చారూ అని ఆకాశమంత అరుస్తుంటే తను చేపలా నోరు తెరిచి మూయటం. లోపల నవ్వొచ్చింది, నవ్వితే కడుపు కదులుతుంది, భుజాలు కదులుతాయి, గొంతులోంచి మాత్రం హ హ హ అని మిల్లులో పత్తి గింజ తీసే మిషను లాగా సమంగా వస్తుంది. కోటిరత్నానికి ఆ నవ్వు అలవాటే, అది కూడా నవ్వింది. కానీ చెల్లదు. అత్తే అడగాలి. పైగా ఈసారి ఊరికే ఆనవాయితీ కోసం కాదు, ఆ ముక్క కోటిరత్నానికి తెలియదు, ఎవరికీ చెప్పుకోలేదు. ఈసారి ఆ ఒక్క మాటా సరిగ్గా పడకపోతే జయకుమారి గడప లోపలికైతే వస్తుంది, మనసు మాత్రం వినుకొండలోనే ఉంటుంది.

మళ్ళీ ఆడపిల్ల. అన్నది తనే. చిలకలూరిపేటలో ఆసుపత్రి వరండా, నెల ముందే నొప్పులొచ్చి మిల్లులో పనిలో ఉన్నదాన్ని ఉన్నట్టే తీసుకొచ్చారు, కొడుకు ఏసోబు అదే మిల్లు, చొక్కా నిండా దూది, తెల్లగా పండు ముసలాడిలాగా వణుకుతూ నిలబడ్డాడు. నర్సమ్మ తలుపు తీసుకుని గుడ్డలో చుట్టి తెచ్చింది. పుల్లమ్మ చూసింది. అదే నుదురు, అచ్చు సువార్తదే, అవే కనుబొమ్మలు కొంచెం చిరాగ్గా ముడేసుకుని. పొట్టలోంచి ఏదో పొంగుకుంటూ వచ్చింది, పండగనాడు పాయసం తిన్నాక గిన్నెలో ఇంకా ఉంది, తింటావా అంటే మళ్ళీనా అంటాం చూడు, ఆ మళ్ళీ, ఒకటిచ్చాడు చాలదా, మళ్ళీ ఇచ్చాడు చూడవే, ఆ మళ్ళీ. అది నోటి దాకా వచ్చి, నోట్లో చదునై పోయి, బయట పడింది. మళ్ళీ ఆడపిల్ల. తలుపు తెరిచే ఉంది. లోపల మంచం మీద జయకుమారి వినింది, వినీ గోడ వైపు తిరిగింది. వియ్యపురాలు ఊరుకుంటుందా, అట్టాగే అనుకో వదినా, మా పిల్ల చేతుల్లో ఉందా అది, అని లేచింది. కాదు వదినా, నాకు సంతోషం, అంది పుల్లమ్మ. నాకు సంతోషం అని బల్ల గుద్దినట్టు చెప్తే ఎవరు నమ్ముతారు. నవ్వబోయింది, నోరు ఒక పక్కే లేచింది. ఒక పక్క నవ్వును లోకం ఏమంటుందో తెలిసిందే గదా. మూడోనాడే తల్లీ బిడ్డల్ని వినుకొండ తీసుకెళ్ళిపోయారు, సువార్త కూడా తల్లి చెంగు పట్టుకుని వెళ్ళింది. మూడు నెలలన్నది ఐదు నెలలైంది.

ఏసోబు వారం వారం వెళ్ళొస్తూనే ఉన్నాడు. "నేను సంతోషంతోనే అన్నానని దానికి చెప్పావట్రా?" అని అడిగింది ఒకసారి. "చెప్పానమ్మా." "ఏం చెప్పావ్?" "మా అమ్మ గొంతు అంతేలే, పట్టించుకోబాక అన్నా." నా బిడ్డే, మంచోడే, కానీ దానివల్ల ఏం ఒరుగుతుంది. గొంతు అంతే అంటే మనసు కూడా అంతే అని గదా వినేదానికి. జయకుమారికి తన గొంతు తెలియక కాదు. మూడేళ్ళు చూస్తూనే ఉంది. కానీ పొద్దున షిఫ్టు, రాత్రి షిఫ్టు, ఇంట్లో ఉన్న కాసేపూ బియ్యం ఉన్నాయా, నీళ్ళు వచ్చాయా, ఇవే మాటలు, వాటికి రాగం లేకపోయినా గడిచిపోతుంది. ఒళ్ళు పచ్చిగా ఉండి, కళ్ళు మూసుకుని పడుకున్న మనిషి చెవికి మాటలు వినపడవు, రాగమే వినపడుతుంది. అది పుల్లమ్మకు తెలుసు. ముగ్గుర్ని కన్నది. దాని తప్పేం లేదు, ఇసుమంత కూడా లేదు, అదే గదా ఇబ్బంది, తప్పున్న చోట పోట్లాడి తేల్చుకోవచ్చు.

గాలి తిరిగింది. కాయల ఘాటు రోడ్డు మీదికి కొట్టింది, సైకిలు మీద పోయేవాడొకడు వరసపెట్టి తుమ్మి, కాలు కింద పెట్టి, మళ్ళీ తొక్కుకుంటూ పోయాడు. తుమ్ముకు రాగం ఉంటుంది. ఒకొక్కళ్ళది ఒకో రాగం, తన పెనిమిటి దానయ్య తుమ్మితే ఎక్కడో బండి బోల్తా పడ్డట్టుంటుంది. పడిపోయాక తను తుమ్ము కూడా చదునుగా తుమ్ముతుందా, ఎవర్నన్నా అడగాలి. దానయ్యను అడిగితే చెప్తాడు, అడక్కపోతే ఏదీ చెప్పడు. ఆయన ముందు నుంచీ అంతే, చెట్టుకు గొంతిస్తే ఎలా మాట్లాడుతుందో అలా మాట్లాడతాడు, ఏడాదికి ఓ గుప్పెడు మాటలు, అవీ ఒకే తీరు. పెళ్ళైన కొత్తలో, ఈయనకు నేనంటే ఇష్టమో కాదో అని ఏడ్చింది కూడా. ఆసుపత్రి నుంచి వచ్చాక ఓ సాయంత్రం గేదె దగ్గర కూర్చుని, తను ఏదో అంది, చాలా పొడుగ్గా, మాటలన్నీ చదునుగా, మధ్యలో సిగ్గేసి ఆపేసింది. దానయ్య గడ్డి వేస్తూనే అన్నాడు: "ఆపావేందే, చెప్పు. ఇన్నేళ్ళూ నువ్వు పాట పాడినట్టు మాట్టాడుతుంటే మాటలు వినలా నేను. ఇప్పుడే వింటన్నా." ఆ పూట ఏడ్చిందో నవ్విందో ఆమెకే గుర్తులేదు. ఆయనతో ఏ బాధా లేదు. తను ఇష్టంగా అనే మాట ముందు కాస్త ఊపిరి పీలుస్తుందట, కోపమైతే ఊపిరి పీల్చదట, ఆయనే కనిపెట్టాడు, గేదె పాలిచ్చేదీ ఇవ్వందీ కనిపెట్టినట్టు. అయితే ఊపిరి పీల్చి అడుగుదాం. ఎవరొచ్చారు, ఊపిరి, మా ఇంటికి. ఉబ్బసం వచ్చినదానిలా ఉంది. సాగదీద్దాం. ఎవరొచ్చారుఉఉ. ఇదింకా బాలేదు, లారీ హారను. చేతులు చాచి అడిగితే? ఎడమచెయ్యి సగం దాకే లేస్తుంది, ఆపినట్టుంటుంది. కాళ్ళ మీద పడి అడిగితే, హ హ హ.

సువార్త ఉంటే దానికి తెలిసేది. అది మాటలు నేర్చింది ఈ ఒళ్ళోనే. తల్లీ తండ్రీ మిల్లులో, పొద్దస్తమానం నాయనమ్మ దగ్గర, ఎత్తుకుని తిప్పలేదు గనక పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడుతూనే ఉండేది, ఇది కాకి, ఇది బొగ్గు, కాకి బొగ్గు తినదు. పిల్ల ఆ మాటలన్నీ పుచ్చుకుంది, ఎలా ఇస్తే అలా. పుట్టి రెండేళ్ళు నిండని పిల్ల వాకిట్లో నిలబడి, నాకు ఆకలి, బెల్లం ఇవ్వు, అంటే తాసీల్దారు ఊళ్ళోకొచ్చి హుకుం చదివినట్టుండేది. వీధిలో అందరికీ అది నవ్వులాట. దాని పాటలకూ పాట లేదు, అయినా పాడేది. పుల్లమ్మకు మాత్రం ఆ పిల్ల అన్న ప్రతి మాటా గలగలా వినపడేది, ఎండిన కాయను చెవి దగ్గర ఊపితే లోపల గింజలు వినపడతాయే, అలాగ. జయకుమారి ఒకసారి పిల్లకు జడ వేస్తూ, నీ మాటే పట్టేసింది అత్తా ఇది, అంది. అది ముద్దా, బాధా? తన నోట్లో రాగం పోయింది గానీ చెవిలో పోలేదు, ఎవరి మాటలో ఏ వంపు ఉందో ఇట్టే పట్టేస్తుంది, ఆ ఒక్క మాటలో వంపు మాత్రం ఇవాళ్టికీ తేలలేదు. ఇప్పుడు ఐదు నెలలు వినుకొండలో ఉండి వస్తోంది. అక్కడ అమ్మమ్మ, పిన్నమ్మలు, మేనమామ, ఇంటినిండా గొంతులు, సువార్తకు రాగం వచ్చేసి ఉంటుంది. వస్తే మంచిదే. రేపు బడికెళ్ళాలి, బతకాలి. మంచిదే గానీ, దిగగానే నాయనమ్మా అని గాల్లోకి లేపి పిలుస్తుందేమో, తనేమో కింద నిలబడి చూడాలి. మంచిదే లేవే పుల్లమ్మా, పిల్ల పైకి పోతే ఏడుస్తారా ఎవరన్నా.

"అక్కోయ్, వత్తంది!" అని అరిచింది కోటిరత్నం.

దూరాన దుమ్ము, దుమ్ములో ఎర్రగా బస్సు. పుల్లమ్మ లేచింది, చీర దులుపుకుంది, చేతుల కారం పసిదానికి అంటుతుందని పొద్దుటే తెచ్చుకున్న చెంబెడు మజ్జిగలో చేతులు ముంచి కడుక్కుని, చెంగుకు తుడుచుకుని, వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కుంది. గుండె చర్చి గంటలాగా కొట్టుకుంటోంది, దానికి మాత్రం ఎంత రాగమో, ఇంత రాగం గుండెలో పెట్టుకుని గొంతులో చుక్క లేకపోవటమేంది. ఎవరొచ్చారు. ఎవరొచ్చారు. రోడ్డు దాటింది. బస్సు ఆగింది, ముందు తలుపులోంచి కండక్టరు సిలార్ దిగాడు, రెండు బుట్టలు దించాడు, వాటి వెనక సువార్త దూకింది, కొత్త గౌను, రిబ్బను ఊడిపోయి. వచ్చి పుల్లమ్మ మోకాళ్ళు పట్టుకుని మొహం పైకెత్తింది.

"నాయనమ్మా. నేను కిటికీ కాడ కూర్చున్నా. మేకలు చూశా."

చదును. గీత గీసినట్టు చదును. ఏ అమ్మమ్మా, ఏ పిన్నమ్మా మార్చలేకపోయారు. అందులో ఎంత కేరింత ఉందో, కిటికీ దగ్గర ఒకటి, మేకల దగ్గర ఇంకోటి, బస్సులో ఉన్న ఒక్కరికన్నా తెలుస్తుందా. తల మీద చెయ్యి వేసింది, వేస్తూనే చూసింది, జయకుమారి మెట్టు మీద ఉంది. కాస్త ఒళ్ళు చేసింది. రంగు తేలింది. మొహం మాత్రం పిల్ల మీదికి వంచుకుని ఉంది, ఏమనుకుంటోందో కనపడటం లేదు. దిగింది. పుల్లమ్మ చేతులు చాచింది, ఎడమది చాచినంత మేర. పిల్ల ఆ చేతుల్లోకి వచ్చింది, వెచ్చగా, పాలవాసనతో, రెండు గుప్పిళ్ళూ బిగించుకుని. పుల్లమ్మ ఊపిరి పీల్చింది. లోపల గాలిపటం లేచింది, ఎంత ఎత్తుకు లేవాలో అంత ఎత్తుకూ లేచింది.

"ఎవరొచ్చారు మా ఇంటికి."

కిటికీలోంచి ఓ ముసలామె, "అత్తంటే అత్తే, ఆడపిల్లను కన్నదని రోడ్డు మీదే మొదలెట్టింది" అంది. సిలార్ టిక్కెట్ల సంచీ భుజం మీద సర్దుకుంటూ, "అదేందమ్మా, బిడ్డతల్లిని దిగీదిగగానే నిలదీస్తన్నావ్? ఇంటికి పోయాక పోట్లాడుకోరాదూ" అన్నాడు.

పుల్లమ్మకు భూమిలోకి పోదామనిపించింది. అప్పుడు జయకుమారి తల ఎత్తి, అత్త వైపు కాదు, బస్సు వైపు తిరిగింది.

"ఎవరు నిలదీసిందీ? మా అత్త రాగం తీసి అడుగుతుంటే వినపళ్ళా నీకు? పేటలో చెవుల డాక్టరున్నాడు, చూపించుకో అన్నా! నువ్వు గూడా దిగు పెద్దమ్మా, ఇద్దరూ కలిసెళ్ళండి!"

బస్సంతా ఘొల్లుమంది. సిలార్ కూడా నవ్వి, రైట్ అని తలుపు మీద కొట్టాడు. బస్సు కదిలిపోయింది. దుమ్ములో జయకుమారి ఇటు తిరిగి, గెడ్డం కొంచెం లోపలికి లాక్కుని, ఒక్క అక్షరం లేవకుండా, ఒక్కటి కుంగకుండా అంది.

"నేనొచ్చా నాయనమ్మా."

అచ్చు తన గొంతు. వెక్కిరింపా? పుల్లమ్మ కోడలి కళ్ళల్లోకి చూసింది, చెవి రిక్కించింది, వంపు కోసం వెతికింది, వంపు లేదు, తన మాటల్లో లేనట్టే లేదు. మరి కళ్ళల్లో నీళ్ళున్నాయి, భుజాలు కదులుతున్నాయి. "ఏం చూస్తావత్తా" అంది జయకుమారి, ఈసారి మామూలుగా. "ఈ ఇంటి పిల్ల ఈ ఇంటి మాటే గదా మాట్టాడేది. తప్పొచ్చిందా?"

"రాలా" అంది పుల్లమ్మ. "బాగుంది."

నడిచారు. బుట్టలు కోటిరత్నం ఎత్తుకుంది, ఎత్తుకుని కావాలనే ముందు నడిచింది, దానికి తెలివి ఎక్కువే. జయకుమారి నడుస్తూ చెప్పింది, చెప్పటం సువార్త మీద ఫిర్యాదులాగా మొదలెట్టింది. ఈ పిల్లతో వినుకొండలో పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. వెళ్ళిన రెండోనాడే, నాకు అమ్మమ్మంటే ఇష్టం, అంది, మా అమ్మ ఒకటే ఏడుపు, ఇంత పిల్లకు ఇంత పొగరా అని. ఏది అడిగినా కసిరిందనుకోవటం, ఏది చెప్పినా అలిగిందనుకోవటం. అది అడగటమే అమ్మా, అది ముద్దు చేయటమే చిన్నమ్మా, అది కొంటెతనమేరా అన్నయ్యా, అని పొద్దున్నుంచి చెప్పటమే నా పని, కోర్టులో దుబాసీలాగా. చెప్పగా చెప్పగా నా చెవే మారిపోయింది. "చంటిది నిద్ర లేస్తుందా, ఇది పరిగెత్తుకొచ్చి చూసి, మళ్ళీ చెల్లి, అనేది. రోజూ అంతే. మళ్ళీ చెల్లి. పడుకునే ముందు ఉన్నది తెల్లారేసరికి పోతుందనుకుందో ఏందో, ఉంటే అంత సంబరం దానికి. మా వాళ్ళంతా, అమ్మో, చెల్లంటే కుళ్ళు దీనికి అన్నారు. కుళ్ళేంటి, పిల్ల సంతోషంతో చస్తుంటే, అని నేను వాళ్ళ మీద ఎగిరి..." ఆగింది. పసిదాని నెత్తి మీద గుడ్డ అవసరం లేకపోయినా సర్దింది. "ఎగిరి, అట్టానే కూర్చుండిపోయా అత్తా. ఎప్పుడో వచ్చేదాన్ని. మిరపకోతలయ్యిందాకా మా అమ్మ కదలనియ్యలా."

పుల్లమ్మ పిల్లను గుండెలకు ఇంకాస్త దగ్గరగా జరుపుకుని నడిచింది. అనటానికి లోపల ఎంత ఉందో, అది ఇప్పుడు చదునుగా వచ్చినా ఫరవాలేదు, కొన్ని మాత్రం నడకలోనే బాగుంటాయి. కొంత దూరం పోయాక, "నువ్వు లావయ్యావ్" అంది.

"ఏందత్తా, దిష్టి పెడతన్నావా?" అని జయకుమారి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "చెయ్యి నొప్పెట్టుద్ది, పిల్లనియ్యి."

"ఇయ్యను."

"అది కోపమా, మురిపెమా?"

"చెప్పను."

జయకుమారి రోడ్డు మీదే పడీ పడీ నవ్వింది. పుల్లమ్మ కుడిచేతి మీదికి పిల్లను మార్చుకుంది, మొహం దగ్గరికి తెచ్చుకుంది, మొదలుపెట్టింది. నువ్వెవరు. నా తల్లివి. ఇది రోడ్డు. అది బాపయ్యగారి పత్తిచేను. మొన్న తెల్లదోమ తినింది, మళ్ళీ వేశాడు. అడుగో మీ తాత, గేదెను వదిలేసి దారిలోకి వచ్చి నిలబడ్డాడు, ఎప్పుడూ రానివాడు. నీ ముక్కు ఆయనదే, ఏం చేస్తాం. పిల్ల కళ్ళు విప్పార్చి ఆ నోటినే చూసింది, చూసి చూసి, గుప్పిళ్ళు విప్పి, ఊఁ... అంది, ఊఁ నుంచి ఎక్కడికో లేచి, ఆఁ అని అక్కడ ఊగి, ఙా అని కిందికి జారి, మళ్ళీ ఎక్కింది. మాట ఒక్కటి లేదు, ఉన్నదంతా రాగమే. పుల్లమ్మ నడక ఆపేసి వింది. పక్కన చెంగు పట్టుకుని నడుస్తున్న సువార్త కూడా ఆగింది, మునివేళ్ళ మీద లేచి చెల్లి మొహంలోకి చూసింది, కనుబొమ్మలు ముడేసి చాలాసేపు వింది.

"దీనికి మాట్టాడటం రాదు నాయనమ్మా" అంది. "నేర్పుదాం."